ఎనిమిదింటి గేటు

మా అమ్మాయి స్కూలు గేటు ఎనిమిదింటికి తీస్తారు. నన్నెక్కించుకునే కంపెనీ వ్యాను ఏడింటికే వస్తుంది. మధ్యలో మిగిలిన ఆ గంట గురించి ఎవరితో పోట్లాడాలో తెలియక, కనబడిన ప్రతివాళ్ళతోనూ పోట్లాడాను. స్కూలు వాచ్‌మన్‌తో పోట్లాడాను, వ్యాను డ్రైవరుతో పోట్లాడాను, ఔట్‌డోర్ షూటింగులో ఉన్న మా ఆయనతో ఫోన్లో పోట్లాడాను. ఆయన పాపం ప్రతిసారీ "సరే, నేనొచ్చాక మాట్లాడదాం" అనేవాడు. వచ్చాక నిద్రపోయేవాడు.

నేను సినిమాల్లో హెయిర్‌డ్రెస్సర్‌ని. హీరోయిన్ల జడలు, ముడులు, విగ్గులు నా చేతిపని. మా ఆయన లైట్‌మన్. నెలలో సగం రోజులు ఏ రాజమండ్రిలోనో, ఏ వికారాబాద్ అడవిలోనో ఉంటాడు. మేముండేది షేక్‌పేట పాత ఊళ్ళో, మేడ మీద రెండు గదుల పోర్షన్‌లో. మా వాళ్ళంతా భీమవరం వైపు. పక్క పోర్షన్లవాళ్ళు మంచివాళ్ళే గానీ, వాళ్ళూ మాలాగే తెల్లవారగానే తాళాలు వేసుకుని పనులకు పోయేవాళ్ళు. అమ్మాయి అప్పుడు రెండో తరగతి.

సినిమా పనిలో టైము సంగతి బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. పదింటికి షాట్ అంటే హీరోయిన్ ఎనిమిదింటికి మేకప్‌కు కూర్చోవాలి. ఆమె కూర్చునేసరికి నేను దువ్వెనలూ క్లిప్పులూ పరుచుకుని సిద్ధంగా నిలబడి ఉండాలి. హీరోగారు మధ్యాహ్నం భోజనాల వేళకు దయచేస్తారు, అది వేరే కథ. వ్యాను స్కూలు దగ్గరి ఫిల్మ్ నగర్ మలుపులో కాసేపే ఆగుతుంది. మనిషి కనబడకపోతే కదిలిపోతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆ సీట్లో ఇంకో హెయిర్‌డ్రెస్సర్ కూర్చుని ఉంటుంది. అందుకని రోజూ పిల్లని గేటు పక్కన అరుగు మీద కూర్చోబెట్టి, "ఎవరు పిలిచినా కదలకు, గేటు తీశాకే లే" అని చెప్పి పరుగు తీసేదాన్ని. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉండేదాన్ని. కాలికి రాళ్ళు తగిలేవి.

నేనొక్కదాన్నే ఇలా చేస్తున్నానని మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత చూస్తే అరుగు మీద చోటు చాలనంత మంది చేరేవాళ్ళు. మా సినిమా యూనిట్లవాళ్ళ పిల్లలే కాదు, జూబ్లీ హిల్స్ పెద్దిళ్ళ పిల్లలు కూడా. ఇది సిస్టర్లు నడిపే పాత స్కూలు కాబట్టి, తాము చదువుకున్న చోటే పిల్లలూ చదవాలనుకునే నాన్నలు కొందరున్నారు. ఒక పెద్ద నల్ల కారులోంచి మూడో తరగతి బాబు దిగేవాడు. డ్రైవరు బ్యాగు భుజాన తగిలించి, "సార్‌ను ఎయిర్‌పోర్టుల దింపాలె బాబూ, జర గీడనే కూసో" అని చెప్పి పోయేవాడు. అంత కారున్న పిల్లవాడూ మా పిల్ల పక్కనే ఆ దుమ్ములో కూర్చునేవాడు. నాకు లోపల్లోపల కొంచెం ధైర్యంగా అనిపించేదని చెప్పక తప్పదు.

స్కూలువాళ్ళు ఊరుకోలేదు. ఎనిమిదికి ముందు గేటు బయట ఉన్న పిల్లలకు తమ బాధ్యత లేదని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తల్లిదండ్రులందరం వరసగా దండం బొమ్మలు పెట్టాం. మర్నాడు ఎప్పటిలాగే పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి పోయాం.

వాచ్‌మన్ పెద్దాయన. గేటు నిండా ఇనుపరేకు, లోపలున్న ఆయనకు బయట ఏం జరుగుతోందో కనబడదు. ఒకరోజు చిన్న తలుపులోంచి తల బయటపెట్టి నన్ను పట్టుకున్నాడు.

"గింత పొద్దుగాల ఏందమ్మా? జర లేటుగ తీస్కరారాదు?"

"మా వ్యానువాడితో చెప్పండి బాబాయ్. వాడు వింటే నేనూ వింటాను. లేకపోతే మీరే కాస్త లోపల కూర్చోనివ్వచ్చు కదా."

"నాకు ఆర్డర్ లేదు. ఎవలన్న పడి దెబ్బ తగిలించుకుంటే నా నౌకరి పోతది."

ఆయన తప్పు లేదని తెలుసు. అయినా ఒళ్ళు మండింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ గంటసేపు నా పిల్ల ఒక గోడ లోపల ఉండాలి. దాని కోసం పని మానేయాలా? మానేస్తే ఆ స్కూలు ఫీజు ఎవరు కడతారు? రాత్రి కూర వండుతూ కూడా ఇదే నాలో నేను వాదించుకునేదాన్ని. చివరికి, ఈ సినిమా అయ్యాక పని వదిలేద్దామని మనసులో ఖాయం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని భయం.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు, జూబ్లీ హిల్స్‌లో షూటింగుకు అద్దెకు తీసుకున్న పెద్ద బంగళా ముందు, మేకప్ వేసే కారవాన్ బస్సులో ఉన్నాను. హీరోయిన్ జుట్టు సగం ఉంగరాలు తిప్పాను. ఎనిమిది దాటింది. ఫోన్ మోగింది. వాచ్‌మన్.

"అమ్మా, పాపను ఇయ్యాల దింపలేదా?"

"దింపాను బాబాయ్. ఏం?"

"గేటు తీసిన. అరుగు మీద ఒక్క పోరగాడు లేడు, ఒక్క పోరి లేదు. సంచులు గూడ లేవు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో జుట్టు తిప్పే వేడి కడ్డీ ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు. ఆ హీరోయిన్ బొంబాయి అమ్మాయి, తెలుగు రాదు. కానీ నా ముఖం చూసి ఏమీ అడగకుండా తన డ్రైవర్ని పిలిచి నన్ను కారెక్కించింది. సగం తల ఉంగరాలతో, సగం తల తిన్నగా, కారవాన్ మెట్టు మీద నిలబడి చేయి ఊపింది. దారంతా "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉన్నాను. మధ్యమధ్య ఆపి సిగ్నల్‌ని తిట్టాను. నన్ను నేను తిట్టుకున్నది రాస్తే పేజీ చాలదు.

వాచ్‌మన్ రోడ్డు మీదే ఎదురొచ్చాడు. "ఎనక గల్లీల షూటింగ్ ఉన్నదట. గాడికి గిట్ల పోయిండ్రేమో చూడు" అన్నాడు. ఫిల్మ్ నగర్లో ఏదో ఒక సందులో షూటింగ్ లేని రోజుండదు. పరుగెత్తాను. జనరేటర్ బండి, కారవాన్లు, టిఫిన్ బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు. జనాన్ని తోసుకుంటూ మూల తిరిగాను. అప్పుడే ఎవరో గట్టిగా, "సైలెన్స్! రోలింగ్!" అని అరిచారు.

నా కాళ్ళు ఆగిపోయాయి.

ఈ మాట చెబితే ఇప్పటికీ మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. పిల్ల కనబడక పిచ్చిదానిలా పరుగెత్తుతున్న తల్లిని, ఫ్రేములోకి పోకూడదని కెమెరాకు ఇవతలే నిలబడిపోయాను. ఊపిరి కూడా బిగబట్టాను. ఏళ్ళ తరబడి చేసిన పని ఒంట్లోకి అలా ఇంకిపోయింది. ఎదురుగా నీలం గళ్ళ యూనిఫాంలు వేసుకున్న పిల్లల గుంపు బ్యాగులతో రోడ్డు దాటుతోంది. రెండో వరసలో, నల్ల కారు బాబు చెయ్యి పట్టుకుని మా అమ్మాయి. నన్ను చూసింది. చూసి, ఎరగనట్టు మొహం తిప్పేసుకుని బుద్ధిగా నడిచింది.

"కట్" అన్నాక ఒక్క ఉరుకున పోయి పట్టుకున్నాను. ముద్దుపెట్టుకున్నాను, వీపు మీద ఒకటి వేశాను, మళ్ళీ ముద్దుపెట్టుకున్నాను. అది బిక్కమొహం వేసి, "అమ్మా, వన్ మోర్ అంటున్నారు, జరుగు" అంది.

జూనియర్ ఆర్టిస్టులను తెచ్చే ఏజెంటు ఉరికొచ్చాడు. నన్ను గుర్తుపట్టి చేతులు జోడించాడు. "అక్కా, యేసు మీద ఒట్టు, నాకు తెల్వదు. స్కూల్ పిల్లల సీను. మా పిల్లల బండి ట్రాఫిక్‌ల ఇరుక్కున్నది. గీళ్ళు సంచులు ఏసుకొని గా మూలమీది అరుగు మీద లైనుగ కూసున్నరు. ఇంకో ఏజెంటు పంపిన పిల్లలే అనుకున్న. టిఫిన్ గూడ పెట్టిన అక్కా." మా లోకంలో ఎవరైనా చేసే పొరపాటే. పొద్దున్నే, యూనిఫాంలో, పెద్దవాళ్ళు లేకుండా మూలమీద కూర్చుని ఎదురుచూసే పిల్లలంటే మాకు జూనియర్ ఆర్టిస్టులే. తిట్టాలని నోరు తెరిచి, తిట్టకుండానే అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

స్కూల్లో మాత్రం ఏడుపుకు వ్యవధి ఇవ్వలేదు. ప్రిన్సిపాల్ సిస్టర్ అందర్నీ పిలిపించారు. ఒకరిద్దరు తల్లులు, ఒక తాతగారు, నల్ల కారు బాబు తరఫున డ్రైవరు. సిస్టర్ ముఖం ఎర్రగా ఉంది, హాజరు పుస్తకంలో పిల్లల పేర్లు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నారు. ఆవిడా భయపడ్డారని అప్పుడు తోచలేదు.

"ఎన్నిసార్లు చెప్పామమ్మా? ఈరోజు సినిమావాళ్ళు కాబట్టి సరిపోయింది. వేరేవాళ్ళయితే? ఇంకోసారి ముందుగా దింపితే టీసీ ఇచ్చేస్తాను."

నా నోరు ఆగలేదు. "ఇచ్చేయండి సిస్టర్. ఇంకో స్కూల్లో వేస్తాను. దానికీ ఒక గేటుంటుంది, అదీ ఎనిమిదింటికే తీస్తారు. నేను మళ్ళీ ఏడింటికే దింపుతాను. నాకేం సరదానా?"

డ్రైవరు, "మా సార్‌కు ఫోన్ చెయ్యమంటరా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. సిస్టర్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, మా అమ్మాయిని దగ్గరకు పిలిచారు.

"తెలియనివాళ్ళతో వెళ్ళకూడదని మీ టీచర్ చెప్పలేదా తల్లీ? ఎందుకెళ్ళారు?"

అది నా వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూసింది. "ఆ అంకుల్, ఇక్కడెందుకు కూర్చున్నారు, లోపలికి రండి పిల్లలూ అన్నాడు సిస్టర్. ఇక్కడ మమ్మల్ని ఎవరూ లోపలికి రమ్మనరు కదా."

సిస్టర్ కళ్ళజోడు తీశారు. తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. నేను తల దించుకున్నాను. నేనూ గేటు బయట కూర్చోబెట్టి పోయినదాన్నే.

"మేం నాలుగున్నరకే లేస్తామమ్మా" అన్నారు, ఎవరికి చెబుతున్నారో తెలియనట్టు. "ఆరింటికి మేం ప్రార్థన చేసుకునే చాపెల్ తలుపులు తీసే ఉంటాయి. ఆ వరండాలో కూర్చుంటే ఏమవుతుంది? కానీ ఎవరో ఒకరు పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. మాకు మనుషులు లేరు."

"షూటింగ్ లేని రోజులు నేనుంటాను" అన్నాను. అంతలోనే తాతగారు తన రోజు చెప్పారు. ఇంకో తల్లి ఇంకో రోజు చెప్పింది. డ్రైవరు బయటకు పోయి ఫోన్ చేసి వచ్చి, "మా పెద్దమ్మగారు వస్తరట మేడమ్, బాబు నాయనమ్మ. ఇంట్ల ఊకెనే కూసుంటున్న అన్నది" అన్నాడు. చిన్న తలుపు ఏడింటికి ముందే తీయమని వాచ్‌మన్‌కు ఆర్డర్ వెళ్ళింది. ఆ నాయనమ్మ నిజంగానే వచ్చింది. పిల్లలకు గవ్వలాట నేర్పి, మొదటి వారమే అందర్నీ ఓడించింది.

నేను పని మానలేదు. ఆ హీరోయిన్ తర్వాత సినిమాకూ నన్నే అడిగింది. మా ఆయనకు పని వదిలేద్దామనుకున్న సంగతి అప్పుడు చెప్పాను. ఈసారి నిద్రపోలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు తన వంతూ వేయమన్నాడు.

మొన్న నా వంతు రోజు, వరండాలో పిల్లల జడలు సరిచేస్తూ కూర్చున్నాను. అరుగు దగ్గర ఒక బైకు ఆగింది. కొత్త మనిషి. వెనక ఒకటో తరగతి పిల్లవాడు. ఆయన పిల్లవాణ్ణి దింపి, గేటు వైపు, ఫోను వైపు చూసి, వంగి వాడి చొక్కా గుండీ పెడుతూ మెల్లగా ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో వినక్కర్లేకుండానే నాకు తెలుసు. లేచి చిన్న తలుపు దగ్గరకు పోయాను.

"ఏవండీ, అక్కడెందుకు? లోపలికి పంపండి."

"ఎనిమిదింటికే తీస్తరని చెప్పిండ్రు మేడమ్. నాకు డ్యూటీకి లేటయితున్నది, ఏం చెయ్యాల్నో సమజైతలేదు."

"మీరు వెళ్ళండి. మేమున్నాం కదా."

ఆయన నమ్మలేనట్టు నా వెనకున్న వరండా చూశాడు, గుంపుగా కూర్చున్న పిల్లల్ని చూశాడు. పిల్లవాడి వీపు తట్టి లోపలికి పంపాడు. బైకు ఎక్కి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.