కల్లే అన్నారు, పంతులుగారూ

నాకు హిందీ వచ్చు అనుకోవడం నా మొదటి తెలివితక్కువతనం. రానిదానికి వచ్చినట్టు తలాడించడం రెండోది. ఈ రెండూ నవ్వుకుని మరిచిపోదగినవే. మూడోదాన్ని మాత్రం తెలివితక్కువతనం అని చెప్పి తప్పించుకోలేను. ఇన్నేళ్లుగా అన్నంలో రాయిలా అదే పంటికింద తగులుతోంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టే చెప్పగలుగుతున్నానా? అదీ పిరికితనమేనా? అయి ఉంటుంది.

సునామీ వచ్చి వెళ్లాక కొన్ని నెలలపాటు పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ వస్తేనే బియ్యం. ధర మాత్రం ఓడ కోసం ఆగేది కాదు, ముందే వచ్చి కొట్లో కూర్చునేది. మా పేట లంబాలైన్‌లో ఇంటింటికీ చేపలు తెచ్చి అమ్మే నూకాలమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పడవనూ ఇంటినీ అల పట్టుకుపోతే బ్రూక్షాబాద్ రేకుల షెడ్లలో ఉండేది. ఒకరోజు మా గుమ్మంలో తట్ట దించి, "ఇలాగ కిలో, రెండు కిలోలు కొనుక్కుంటే ఎన్నాళ్లు బాబూ? నాలుగిళ్లోళ్లం కలిసి ఒక్కపాలే విశాకపట్నం నుంచి బస్తాలు తెప్పించుకుంటే పోద్ది కదా" అంది.

ఆలోచన ఆమెది. సంఘం పెట్టిన ఘనత నాది. తెలుగు పంతులుని కదా, బియ్యం సంఘం అని పేరు పెట్టింది నేను. జెట్టీకి వెళ్లి బస్తాలు దింపించి, తడవకుండా కాపలా కాసి, లారీ ఎక్కించే పని నూకాలమ్మది. ఓడ కబురు అందుకుని ఆమెకు చెప్పే పని నాది. ఇంతకంటే తేలికైన పని ఉండి ఉంటే అదే తీసుకునేవాణ్ణి.

కొన్ని ఓడలు బాగానే గడిచాయి. ఒకనాడు లారీ భయ్యా బడి గేటు దగ్గర నన్ను ఆపి, "మాస్టర్జీ, ఆప్ కా చావల్ కల్ కే జహాజ్ మే హై" అన్నాడు. మా బియ్యం 'కల్' ఓడలో ఉందని. హిందీలో కల్ అంటే నిన్న. రేపు కూడా. ఒక్క మాటతో రెండు రోజులు గడుపుకునే పొదుపైన భాష. ఏ కల్ అని అడగాలి. అడిగితే మాస్టర్జీకి అర్థం కాలేదని తెలిసిపోతుంది. "అచ్ఛా, అచ్ఛా" అన్నాను.

సాయంత్రం నూకాలమ్మ కనిపిస్తే గొప్పకు పోయి హిందీలోనే "కల్ కా జహాజ్" అన్నాను.

"రేపా బాబూ?"

"ఆఁ, రేపే."

చూశారా, నేను అడగనిది ఆమె అడిగింది.

భయ్యా చెప్పిన కల్ నిన్న. ఓడ అప్పటికే వచ్చేసి ఉంది. నూకాలమ్మ వెళ్లేసరికి బస్తాలు జెట్టీ మీద వానలో నాని ఉన్నాయి. తెచ్చి మూతి విప్పితే మేం ముక్కు మూసుకోవలసి వచ్చింది. అందరూ మా వరండాలో చేరారు. ఆఫీసులో పనిచేసే అప్పారావుగారు మొదలుపెట్టారు.

"మొన్న వచ్చిన ఓడకి ఇవాళ వెళ్తావా నూకాలమ్మా?"

"పంతులుగారు రేపెల్లమన్నారు కదండీ" అంది, నా వైపు చూసి.

అందరూ నా వైపు తిరిగారు. అవును అంటే సరిపోయేది. ఎంత మాట అది? కానీ నా నోటి నుంచి వచ్చింది వేరు. "నేను కల్ అన్నాను. రేపని ఆవిడే అనుకుంది."

మొదటి ముక్క నిజం. అందుకే రెండోది అంత బాగా అతికింది. అందరూ నవ్వారు. నూకాలమ్మ నవ్వలేదు. నన్నే చూస్తూ, "అవును, కల్లే అన్నారు పంతులుగారూ" అంది. తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

కల్లే. కల్ అనే అన్నారనా? కల్ల అన్నారనా? ఆమె కావాలనే అలా అందా, లేక నా చెవే దొంగయి ఉలిక్కిపడిందా? ఎన్నో ఏళ్లు పిల్లలకు పదాలు విడదీయడం నేర్పినవాణ్ణి, ఆ ఒక్క మాటను ఇప్పటికీ విడదీసుకోలేకుండా ఉన్నాను.

అక్కడితో ఆగలేదు. మర్నాటి నుంచి మా పక్కింటావిడ, "నూకాలమ్మా, ఈ చేప ఏ కల్‌ది? వచ్చే కల్‌దా, పోయిన కల్‌దా?" అని ఆటపట్టించడం మొదలుపెట్టింది. లైనంతా ఆ మాట పట్టుకుంది. మొదటిసారి విని నేనూ నవ్వాను. మాట బాగుంది కదా! తాజా చేప అని చెప్పి అమ్ముకునే మనిషికి ఆ నవ్వు ఎంత బరువో నాకు తట్టలేదు. తట్ట నెత్తిన ఉన్నది ఆమెకు. నిండుగా వచ్చిన తట్ట నిండుగానే వెనక్కి వెళ్లడం రోజూ చూశాను. కొన్నాళ్లకు రావడం మానేసింది. సంఘం బియ్యానికీ రాలేదు. నూకాలమ్మకు మా దగ్గర నూకలు చెల్లిపోయాయి. చెల్లగొట్టినవాణ్ణి నేను. తర్వాత ఒకసారి ప్రోతరాపూర్‌లో రోడ్డు పక్కన అమ్ముకుంటూ బస్సులోంచి కనిపించింది. నేను దిగాల్సింది అక్కడే. దిగలేదు. తర్వాతి స్టాపు దాకా పోయి వేరే దారిన నడిచి వచ్చాను.

సంఘం మాత్రం బతికింది. నేను రిటైరయ్యాక దానికొక గది ఏర్పడింది, గదికి బోర్డు కావాలన్నారు. ఇప్పుడు నడిపే కుర్రాళ్లకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. "మీరే రాయండి మాస్టర్జీ. కింద మీ పేరు భీ వేసుకోండి, ఫౌండర్ కదా" అన్నారు. రంగు డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. పెద్ద అక్షరాలతో రాశాను: నూకాలమ్మ బియ్యం సంఘం. కింద ఏమీ వేయలేదు.

"యే నూకాలమ్మ కౌన్ హై, మాస్టర్జీ?" ఈ నూకాలమ్మ ఎవరని వాళ్లలో ఒకడు అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అప్పారావుగారు అందుకున్నారు. "అదేంట్రా, మనవైపు అమ్మవారు కదా! మంచి పేరు పెట్టారు మాస్టారూ."

తలాడించాను. అలవాటే కదా.

ఇప్పుడు ఆ బోర్డుకు బొట్టు ఉంది. పండగలకు దండ పడుతుంది. అప్పారావుగారు, ఏ కల్‌ది అని అడిగిన పక్కింటావిడ, చెప్పులు విడిచి, ఆ పేరుకు దండం పెట్టుకుని, అప్పుడు సంచి చాపుతారు. నేనూ పెడతాను. వాళ్లకంటే బాగా కిందికి వంగుతాను, నడుం పట్టేసేదాకా. వాళ్ల మీదా నా మీదా నేను తీర్చుకోగలిగిన పగ ఇంతే. ఆ బోర్డు మీదున్నది అమ్మవారు కాదని ఇన్నాళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.