మంచం పక్కన సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయారని పొద్దున్నే ఆవిడ భర్త ఫోన్ చేశారు. నేను సబ్‌స్టేషన్‌లో డ్యూటీ దిగి బండి తీస్తున్నాను. "బాబూ, మీ సిస్టరమ్మ ఎల్లిపోయింది" అన్నారు. ఫోన్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి ఆయనే, "తెల్లారి టీ పెడతానంటే వద్దంది. పడుకుంటానంది. అంతే" అని పెట్టేశారు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసి, లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. ఎక్కడికని అడగలేదు. నౌపడలో విజయనగరం పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, "ఆవిడ మొహంలో నొప్పి ఉండి ఉంటాదా?" అని ఒక్కటే అడిగింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా ఊరివారూ కాదు. మా అమ్మ చివరి నెలల్లో మా ఇంటికి వచ్చిన నర్సు. జబ్బు నయం చేయడానికి వచ్చిన నర్సు కూడా కాదు. ఇక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రిలో చెప్పి పంపేశాక, ఆ మిగిలిన రోజుల్లో మనిషి బాధపడకుండా చూడటానికి ఇళ్ళకు తిరిగే నర్సు. అలాంటి పని ఒకటుంటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

మా అమ్మ ఉప్పుమళ్ళలో పనిచేసేది. నాన్న మా చిన్నప్పుడే పోతే, అన్నయ్యనూ నన్నూ ఆ ఉప్పు మోసే పెంచింది. మా వైపు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి ఆరిపోదు, నుసి రాలదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. అమ్మ ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు. అంగిట్లో పుండు లేచినప్పుడు కారం తగిలిందనుకుంది. క్యాన్సరని తేలాక రేడియేషన్ కరెంటు పెట్టించాం, మందులు ఎక్కించాం. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి, బుగ్గలోకి పాకింది.

నొప్పి కంటే వాసనకే అమ్మ ఎక్కువ కుంగిపోయింది. మంచం పెరటి వసారాలోకి వేయించుకుంది. ఎప్పుడూ నోటికి కొంగు అడ్డం. మా అమ్మాయి వెళితే గోడవైపు తిరిగిపోయేది. "రాకే గుంటా, నా దగ్గిరకి రాకు" అనేది. ఆ పిల్ల పుట్టినప్పట్నుంచీ నాయనమ్మ పక్కలోనే పడుకునేది.

టెక్కలిలో ఎవరో చెబితే ఆ నర్సుకు కబురుపెట్టాం. ఆవిడ అప్పట్లో అక్కడే గది తీసుకుని ఉంటూ, ఆదివారాలు విజయనగరం వెళ్ళి వచ్చేవారు. పొట్టి మనిషి, చీర మీద తెల్లకోటు. జీపు దిగి ముందు చేతులు కడుక్కున్నారు. గుమ్మం దగ్గర మేం వేసిన కుర్చీని తనే ఎత్తుకుని అమ్మ మంచానికి ఆనించి వేసుకున్నారు. అరచేతులు రెండూ రుద్దుకుని వేడెక్కాకే అమ్మ భుజం మీద వేశారు. తర్వాత ప్రతిసారీ అలాగే చేయడం చూశాను. ఎందుకని అడిగితే, "సల్లటి చెయ్యి తగిలితే మనిషి ముడుసుకుపోతాది. అప్పుడింకేటి సెప్తాది?" అన్నారు.

మాస్కూ, చేతులకు తొడుగులూ వేసుకుని, టార్చి పెట్టి చూసి, పుండు కడిగారు. వాసన తగ్గడానికి ఒక మాత్రను పొడి చేసి అందులో అద్దారు. పని అయ్యాక మాస్కు తీసేసి కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు. అమ్మ మొహం తిప్పుకుంది.

"ఎల్లు తల్లీ. కంపు."

"కంపే. అబద్ధం ఎందుకు సెప్పాల? కొన్నాళ్ళకి తగ్గుతాది. అందాకా నేనూ ఓర్సుకుంటాను, నువ్వూ ఓర్సుకో."

అమ్మ ఆవిడ వైపు తిరిగి చూసింది. నిజం చెప్పినందుకు తిరిగిందనుకుంటాను. ఇంట్లో మేమంతా వాసన లేదనే చెబుతూ వచ్చాం.

"నా నోరే నన్ను తినేస్తన్నాది. ఆ సుట్ట మానమని అందరూ సెప్పారు. ఇన్నాను కాను" అంది అమ్మ.

"ఎండలో ఉప్పు లాగినప్పుడు ఆ సుట్టే కదా తోడున్నాది. అప్పుడు తోడున్నాది, ఇప్పుడు పగబట్టింది. నిన్ను నువ్వు తిట్టుకుంటే పుండు మానదమ్మా."

నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తామన్నప్పుడు మా అన్నయ్య అడ్డుపడ్డాడు. అన్నయ్యకు పాతపట్నంలో ఎరువుల కొట్టు ఉంది. అమ్మ కోసం వారం వారం వచ్చి వెళ్ళేవాడు. "అది మత్తుమందు కదండీ. అమ్మకి అలవాటైపోతేనో?" అన్నాడు.

"నొప్పి అలవాటైపోతే పరవాలేదా బాబూ?" అన్నారావిడ. కోపంగా కాదు, నిజంగా అడుగుతున్నట్టే. ఆ తర్వాత ఓపిగ్గా వివరించారు. డాక్టరు రాసిన కొలతలోనే ఇస్తామనీ, మొదట్లో కాస్త మగత ఉంటుందనీ, విరేచనం బిగుస్తుంది కాబట్టి దానికీ మందు వేయాలనీ చెప్పారు. అన్నయ్య తలూపాడు. ఆ మాత్రలు మొదలయ్యాక అమ్మ ఒక మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయింది. నేనూ నా భార్యా వసారా మెట్టు మీద కూర్చుని ఆ గురక విన్నాం. ఆ ఇంట్లో అంత హాయి చప్పుడు విని చాలాకాలమైంది.

వాసన కూడా తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, పక్కన కూర్చుంటే తెలియనంతగా తగ్గింది. ఒక సాయంత్రం అమ్మే, "గుంటేదిరా?" అని పిలిచింది. మా అమ్మాయి వెళ్ళి ఆ ఇరుకు మంచం మీదే ముడుచుకుని పడుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

అయితే అమ్మకు అసలు సంగతి మేం చెప్పలేదు. పుండు మానడానికే నర్సు వస్తోందని నమ్మించాం. ఆవిడ చేత కూడా చెప్పించొద్దని అన్నయ్య గట్టిగా అన్నాడు. "నా అంతట నేను సెప్పను బాబూ. కానీ అడిగితే అబద్ధం ఆడను" అన్నారావిడ.

అమ్మ అడగనే అడిగింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వసారా గుమ్మంలో ఉన్నాను.

"సిస్టరమ్మా, నాను సచ్చిపోతన్నానా?"

ఆవిడ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు. "నీకేటనిపిస్తన్నాదమ్మా?" అన్నారు.

"పోతన్నాననే అనిపిస్తన్నాది."

"నాకూ అలగే అనిపిస్తన్నాది."

అమ్మ చాలాసేపు పెరటి గోడ వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "అయితే మా పిల్లలకి సెప్పకు తల్లీ. పెద్దోడు తట్టుకోనేడు. బెంగెట్టేసుకుంటాడు."

సిస్టరమ్మ లేచి, నన్నూ ముందుగదిలో ఉన్న అన్నయ్యనూ పిలిచి అమ్మ మంచం మీద చెరో పక్కనా కూర్చోబెట్టారు. "మీ అమ్మ మీకు తెలీకూడదంటన్నాది. మీరు మీ అమ్మకి తెలీకూడదంటన్నారు. అందరికీ తెలుసు. ఇక మాట్లాడుకోండి" అని, ఆవిడ పెరట్లోకి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డారు. అన్నయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ వాడి తల నిమురుతూ, "ఊరుకో నాయినా, నాను ముందు పోవడం నాయమే కదా" అంది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో మాటలు తిరిగి మొదలయ్యాయి. నాన్న గురించి మాకు తెలియనివి ఎన్నో అమ్మ ఆ వారాల్లోనే చెప్పింది. ఆయన ఈత రాకుండానే నావ మీదికెళ్ళేవాడట. భయం కనబడకుండా పాటలు పాడేవాడట.

సిస్టరమ్మకు కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. వీధిలో ఆవిడెవరో అమ్మను చూడటానికొచ్చి, మంచం ముందే గొంతెత్తి శోకాలు మొదలుపెట్టింది. "ఏడవడానికి టైమున్నాది. ఇప్పుడావిడ వింటన్నాది. కబుర్లుంటే సెప్పండి, నేపోతే ఎల్లండి" అన్నారు. వచ్చినావిడ కళ్ళు తుడుచుకుని, ఆ ఏడు ఎవరి మడిలో ఉప్పు ఎలా పండిందో చెప్పుకొచ్చింది. అమ్మ మధ్యమధ్య సరిదిద్దింది కూడా.

అమ్మ ఒక ఉదయం మా అందరి మధ్యా పోయింది. నోట్లో తడి దూది అద్దుతూ నా భార్య పక్కనే ఉంది. అది సిస్టరమ్మ నేర్పిన పనే. దినకర్మలన్నీ అయిపోయాక ఆవిడ మళ్ళీ వచ్చారు. పేషెంటు లేని ఇంటికి నర్సు ఎందుకొచ్చిందా అని వీధిలో వాళ్ళు తొంగిచూశారు. ఆవిడ నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, "నిద్దర పడతన్నాదా నీకు?" అని అడిగారు. అమ్మ పోయాక ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అంతవరకూ గట్టిగా తిరిగిన మనిషి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది.

అప్పట్నుంచి రాకపోకలు ఉండిపోయాయి. ఆవిడ విజయనగరం మారిపోయాక కూడా మేం అటు వెళితే చూసి వచ్చేవాళ్ళం. ఆవిడ భర్త జూట్‌మిల్లులో పనిచేసి మానేశారు. "ఊరందరి మంచాల దగ్గిరా కూకుంటాది. నాకు జొరమొస్తే మాత్రం మాత్తర బిళ్ళ ఇసిరేసి పోతాది" అని మా ముందే దెప్పేవారు. ఆవిడ నవ్వి, "జొరానికి అంతే వైద్యం" అనేవారు. ఉద్యోగం అయిపోయాక ఆవిడ తనతోనే ఉంటారని ఆయన చాలా ఆశపెట్టుకున్నారు.

నిరుడు ఆవిడకే కాలేయంలో జబ్బు బయటపడింది. బయటపడేసరికే ముదిరిపోయింది. ఆయన ఒప్పుకోలేదు. విశాఖపట్నం తీసుకెళ్ళారు, తిరిగొచ్చాక మళ్ళీ తీసుకెళ్ళారు. ఇంకోసారి మందు ఎక్కించుకోవడానికి ఆవిడ రానన్నారని నాకు ఫోన్ చేశారు. "నువ్వు సెప్పు బాబూ. మీ మాటింటాది" అన్నారు.

మేమిద్దరం వెళ్ళాం. కళ్ళు పచ్చబడి, చేతులు పుల్లల్లా అయి ఉన్నారు. మమ్మల్ని చూసి నవ్వారు. నేను మా అమ్మాయి చదువు సంగతులు చెబుతున్నాను. నా భార్య మాత్రం మంచం చివర కూర్చుని ఆవిడ పాదాల వైపు చూస్తోంది.

"నొప్పి ఉన్నాదా అమ్మా?" అంది.

"ఏటీ నేదు."

"మరి కాలివేళ్ళు అలా ముడుసుకుంటన్నారేటి?"

సిస్టరమ్మ కళ్ళు మూసుకున్నారు. వంటగదిలోంచి ఆయన గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "మందు పెంచితే ఆయనకి తెలిసిపోతాది" అన్నారు మెల్లగా. "ఇంకా నయమవుతాదనే అనుకుంటన్నాడు. అనుకోనీ." కాస్త ఆగి మళ్ళీ అన్నారు: "ఇన్ని మంచాల పక్కన కూకున్నాను. మంచం మీదనుంచి సూస్తే వేరేగా ఉన్నాది. భయమేస్తన్నాదమ్మా. నాకు రాదనుకున్నాను."

నా భార్య ఆవిడ పాదాలు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది. కొంతసేపు అలాగే ఉండి, లేచి వంటగదిలోకి వెళ్ళింది. "బాబాయిగారూ, ఆవిడకి నొప్పిగా ఉన్నాది. మీకోసరం దాస్తన్నాది" అని చెప్పడం నాకు వినబడింది.

ఆయన తడి చేతులతోనే వచ్చి మంచం మీద కూర్చున్నారు. "నాకు సెప్పవేటి?" అన్నారు.

"సెప్తే మళ్ళీ ఆస్పత్రంటావు."

"అననులే."

"నిజంగా?"

"అననన్నాను కదా" అన్నారాయన, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ. ఆవిడతో కలిసి పనిచేసిన ఇంకో నర్సుకు ఆయనే ఫోన్ చేశారు. ఆవిడ వచ్చి, డాక్టరుతో మాట్లాడి, మందు పెంచారు. మేం బయలుదేరేవేళకి సిస్టరమ్మ నాలుగు ముద్దల చారన్నం తిన్నారు. ఆయనే కలిపి పెట్టారు. ఆ తర్వాత ఆయన ఆవిడ పక్కనుంచి కదల్లేదని, ఇద్దరూ పాత కబుర్లు చెప్పుకున్నారని, ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న రేడియో గురించి ఒకరోజంతా వాదించుకున్నారని ఫోన్లో చెబుతుండేవారు. ఆ కొద్ది వారాలే ఆయన ఎదురుచూసిన కాలం.

పాసింజరు దిగి మేం వాళ్ళింటికి చేరేసరికి ఆవిడను వాకిలి పక్క గదిలో పడుకోబెట్టి ఉంచారు. నా భార్య ముందుకెళ్ళి మొహం చూసి వచ్చి, "నొప్పి నేదు" అంది.

జనం చాలామందే వచ్చారు. ఒకరికొకరు తెలియదు. ఎవరి పేరూ ఎవరూ అడగలేదు. "మా నాన్నకి వచ్చేవారు" అని ఒకరు, "మా అత్తకి" అని ఇంకొకరు. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన ఒకావిడ, తెలుగూ ఒడియా కలిపి, తన కొడుకు గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పక్కనున్నామె ఆమెకు చోటిచ్చి తన చాప మీద కూర్చోబెట్టుకుంది. సిస్టరమ్మ భర్త అందరి మాటలూ వింటూ గోడకు ఆనుకుని ఉన్నారు.

సిస్టరమ్మకు చివరిదాకా మందులు చూసిన ఆ నర్సు కూడా అక్కడే ఉన్నారు. ఉదయం నుంచీ ఉన్నారట. సిస్టరమ్మకు స్నానం చేయించి, జుట్టు దువ్వింది ఆవిడే. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. పక్కకెళ్ళి మాట్లాడి వచ్చి, తన సంచీ వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఎవరమ్మా?" అని ఆయనే అడిగారు.

"శృంగవరపుకోట అవతల, ఒక ముసలాయన. నొప్పికి అరుస్తన్నాడంట. పర్లేదు, ఇక్కడ అన్నీ అయ్యాక ఎల్తాను."

"ఎల్లమ్మా" అన్నారాయన. "అక్కడ ఎదురుసూస్తుంటారు."

ఆవిడ లోపలికెళ్ళి, సిస్టరమ్మ పాదాలు ముట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని వచ్చారు. ఆవిడ స్కూటరు గోడవార ఉంది. దానికీ గేటుకీ మధ్య వచ్చినవాళ్ళందరి చెప్పులు పరిచినట్టు ఉన్నాయి. ఆయన మెట్టు దిగారు. ఎవరో సాయం వస్తే వద్దని చెయ్యి ఊపారు. నడుం వంచి, ఆ చెప్పులను ఒక్కొక్క జతగా తీసి పక్కకు పెడుతూ, గేటుదాకా దారి చేస్తున్నారు.