అందరికీ చిలకాకుపచ్చే

పట్టరాని సంతోషం వస్తే మా వదిన ఉన్నచోటే గెంతుతుంది. రంగుల కొట్టులో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు వంటగదిలో గెంతితే గరిటె ఎగిరి అన్నయ్య కాళ్ల మీద పడింది. పెళ్లికి ముందు ప్రోగ్రాములు రాసిన మనిషి, ఇన్నేళ్లకి మళ్లీ కీబోర్డు ముందు కూర్చోబోతోంది మరి. "ఇంటి పనే తెమలదు, మధ్యలో కొట్టు పనొకటా?" అని అమ్మ మూతి తిప్పింది.

గుమాస్తా కంప్యూటర్ తెర మీద రంగు పేరు టైపు చేస్తే, పక్కనున్న మిషను ఆ రంగు కలిపి డబ్బాకి మూత బిగించెయ్యాలి. అదీ యజమాని కోరిక. చిక్కేమిటంటే మిషనుకు అంకెలు తప్ప మాటలు రావు. అందుకని మాటను అంకెగా మార్చే కన్వర్టర్ రాసి, దాన్ని ఆ తెరని తయారుచేసే టూల్‌కిట్‌లో రిజిస్టర్ చెయ్యాలి. రాసి ఊరుకుంటే చాలదు, రిజిస్టర్ కానిదాన్ని టూల్‌కిట్ గడప తొక్కనివ్వదు. వదిన రోజుకొకటి రిజిస్టర్ చేసి, భోజనాల దగ్గర దాని గొప్పలు చెప్పేది. అన్నయ్య అర్థమైనట్టు తల ఊపేవాడు, పాపం.

వాటిల్లో తను మురిసిపోయి రాసుకున్నది "పాతదే" అనే మాటకు. ఎవరైనా "పాతదే ఇవ్వండి" అంటే వాళ్లు ఇదివరకు కొన్న రంగు వెతికి పెడుతుంది. ఒకసారి చెప్పిన జవాబు గుర్తుపెట్టుకోనా, ప్రతిసారీ కొత్తగా వెతకనా అని రిజిస్టర్ చేసేటప్పుడు టూల్‌కిట్ అడుగుతుంది. పని చకచకా అవుతుంది కదా అని వదిన గుర్తుపెట్టుకోమంది.

మొదట "పాతదే" అన్నది పళ్ల డాక్టరమ్మ. ఆవిడ గది చిలకాకుపచ్చ. టూల్‌కిట్ ఆ జవాబే గుర్తుపెట్టుకుంది. ఇక చూసుకోండి, ఆ తర్వాత "పాతదే" అన్న ప్రతివాళ్లకీ చిలకాకుపచ్చే. లాయరుగారి ఆఫీసుకీ అదే, సెలూన్‌కీ అదే.

లాయరుగారు వచ్చి కొట్టు దద్దరిల్లేలా అరిచాక వదిన తప్పు పట్టుకుని, గుర్తుపెట్టుకోవద్దని చెప్పి మళ్లీ రిజిస్టర్ చేసింది. యజమాని మాత్రం చల్లబడలేదు. "ఇంకొక్కరు తిట్టారంటే రేపట్నుంచి మీరు రావద్దమ్మా," అని, "పాతదే" కొన్నవాళ్లందరికీ వరసగా ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు.

వదిన బయటికొచ్చి నాకు ఫోన్ చేసింది. "అందులో అత్తయ్య కూడా ఉన్నారు. ఏమంటారో ఏమో."

నేనప్పుడు వంటగదిలో అమ్మ పక్కనే ఉన్నాను. మేం బజారు నుంచి వచ్చేసరికే పెయింటరు పని ముగించుకుని, అప్పుడే వెళ్లాడు. అమ్మ అడిగింది పాత మీగడ రంగు. వచ్చింది నాలుగు గోడల చిలకాకుపచ్చ. ఆ వెలుగుకి అమ్మ మొహం కూడా ఆకుపచ్చగా ఉంది. నవ్వు ఆపుకోవడానికి నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వదిన చెప్పిందంతా చెబితే, "నన్నడగనీ, చెప్తాను," అంది అమ్మ.

ఫోన్ మోగింది. రంగు మీరడిగిందేనా అని యజమాని అడుగుతున్నాడు.

అమ్మ గోడలన్నీ ఒకసారి కలయజూసింది. "నేనడిగిందేనండీ. భలే కుదిరింది. మా చెల్లెలు కూడా ఇదే వేయిస్తానంటోంది."

పిన్నికి ఈ సంగతే తెలియదు. అమ్మ ఫోన్ పెట్టేసేసరికి నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"పొద్దస్తమానం ఈ రంగు మధ్య ఉండగలవా అమ్మా?"

"ఇన్నేళ్లూ మీ వదినని ఈ నాలుగు గోడల మధ్యే ఉంచాను. ఒక్కనాడైనా నోరెత్తిందా?" అంది అమ్మ. "నేను ఈ మాత్రం ఓర్చుకోలేనూ?"