పేరు చెప్పి కోయాల్సిన ఆకు

కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే చోటు వెనక సముద్రపాల తీగ కనిపించింది. వెంటనే ఫొటో తీసి, లొకేషన్‌తో సహా మొక్కల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. దాని గింజలు తింటే మత్తెక్కి లేనివి కనిపిస్తాయని, వాటికోసం జనం ఎగబడి చాలాచోట్ల తీగనే లేకుండా చేశారని నాకు తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. ఆకు ఒకటి కోయబోయాను.

"ఎవులికి బాబూ?" అంది ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ముసలామె.

"ఎవరికీ కాదమ్మా, ఊరికే."

"ఊరికే కొయ్యకూడదు. ఇది పుండు మీద కట్టే ఆకు. పుండు ఎవులికి లేసిందో ఆ మనిసి పేరు తీగకి సెప్పి కొయ్యాల. పేరు లేకపోతే మేం సెయ్యెయ్యం."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె పక్కనున్న ఖాళీ ఇసుక చూపించింది. "ఇక్కడ ఇంకోటి ఉండేది. ఎవులో సంచులట్టుకొచ్చి, గింజల కోసమని మొదలంటా పీకేసినారు. ఆళ్లు ఎవులి పేరు సెప్పినారో మరి."

బస్టాండు దాకా గబగబా నడుస్తూనే పోస్టు తీసేశాను. అప్పటికే కింద ఒక జవాబు వచ్చి ఉంది: "థాంక్స్ బ్రో, ఆదివారం వెళ్తా."

శ్రీకాకుళం బస్సులో కూర్చున్నా కుదురు లేదు. వద్దని చెప్పడానికి ఆ నంబరుకి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎవరో చూద్దామని ప్రొఫైల్ తెరిచాను. పేరు ఉండాల్సిన చోట ఒక చుక్క మాత్రం పెట్టుకున్నాడు.