బాపు కుడి భుజం

నేను బొమ్మల్ని కదిలించి బతుకుతాను. కంప్యూటర్‌లో ఒక మనిషి బొమ్మ ఇస్తారు, దాని లోపల ఎముకల గూడు ఉంటుంది. ఒక్కో కీలును పట్టుకుని తిప్పాలి. భుజం తిప్పితే మోచెయ్యి, మణికట్టు, వేళ్లు దాని వెంటే వస్తాయి. సిద్దిపేటలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని హైదరాబాద్ స్టూడియోకు ఈ పని చేస్తుంటే, అవ్వ మాత్రం చుట్టాలకు "మా పిల్ల పొద్దంత గేములాడుతది" అని చెప్పుకునేది.

నిరుడు చలికాలం, పిల్లల కార్టూన్‌లో గీతకార్మికుడు తాటిచెట్టెక్కే సీను ఒకటి వచ్చింది. అంతకుముందు ఎవరో చేసి పంపారు, అచ్చం కోతి ఎక్కినట్టే. చూస్తే ఒళ్లు మండింది. మా బాపు ముప్పై ఏళ్లుగా కల్లు గీస్తున్నాడు. నాకంటే బాగా ఎవరు చేస్తారన్న పొగరుతో ఆ సీను అడిగి తీసుకున్నాను.

చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, ఫోన్ కెమెరా ముందు చెట్టెక్కడానికి బాపు సరేనన్నాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే తాడును మోకు అంటారు. చెట్టు వైపు ఒరిగి రెండు చేతులతో మోకును పైకి విసిరి, వెనక్కి వాలి కాళ్లు పైకి జరుపుకోవాలి. ఒకసారి ఎండ కెమెరాలో పడింది. ఒకసారి మేక అడ్డం వచ్చింది. "మళ్లొక్కపారి బాపూ" అంటూ ఏడుసార్లు ఎక్కించాను. ఏడోసారి దిగాక చెట్టుకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. అలసిపోయాడనుకున్నాను.

వీడియో పక్కన పెట్టుకుని మూడు వారాలు కీలు కీలూ సరిపోల్చాను. మోకు విసిరిన ప్రతిసారీ బాపు నడుము ఎడమకు ఒరుగుతుంది. కుడి భుజం కొంత మేర లేచి ఆగిపోతుంది. అదంతా ఆయన ఒడుపు అనుకుని మురిసిపోయాను. బొమ్మ భుజాన్ని అంతే తిప్పాను, నడుమును అంతే వంచాను. స్టూడియోవాళ్లకు చాలా నచ్చింది.

మా మేనమామ కూడా కల్లు గీసేవాడే. ఒక ఆదివారం ఇంటికొస్తే గొప్పగా చూపించాను. రెండుసార్లు చూశాడు, నవ్వలేదు.

"గిదేంది బిడ్డా, గిట్ల ఎవలెక్కుతరు? వీని కుడిచెయ్యి లేస్తలేదు."

"బాపును చూసే చేసిన మామా."

ఆయన వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "వానకాలంల మీ బాపు జారిండు. మోకుకు ఏలాడి బతికిండు. ఇంట్ల చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

ఆ భుజం ఎక్కడ ఆగుతుందో డిగ్రీలతో సహా నాకు తెలుసు. నొప్పి ఉందా అని ఒక్కసారీ అడగలేదు. పైగా ఏడుసార్లు ఎక్కించాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు పట్టుబట్టి దవాఖానకు తీసుకెళ్లాను. దారంతా బాపుది ఒకటే మాట. "చెట్టెక్కద్దంటే మాత్రం ఇనను." చెట్లు వదిలేస్తే తెల్లారి లేచి ఎటు పోవాలో కూడా తెలియని మనిషి. ఆ సంగతి నాకూ తెలుసు.

డాక్టరు చేతులు పైకెత్తమన్నాడు. బాపు ఎత్తాడు. రెండూ తల దాకా లేచినట్టే కనిపించాయి. కండరం పట్టేసి ఉంటుందంటూ డాక్టరు గోలీలు రాయబోయాడు. బాపు నావైపు తిరిగి, చూసినవా అన్నట్టు తలెగరేశాడు. నేను ఆయన నడుము చూస్తున్నాను. అది ఎడమకు ఒరిగే ఉంది.

నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది.

"సార్, బాపు నడుము వంచుతుండు. భుజం లేస్తలేదు" అన్నాను.

డాక్టరు లేచి వచ్చి, నడుము కదలకుండా పట్టుకుని మళ్లీ ఎత్తమన్నాడు. కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది. బాపు పళ్లు బిగించాడు. స్కాన్ చూశాక, ఇక చెట్టెక్కడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆటోలో బాపు బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు దగ్గరపడ్డాక అన్నాడు.

"నీ బొమ్మకు చెట్టెక్కుడు నేర్పిన బిడ్డా. నువ్వు నన్ను దింపినవ్."

పడకముందే దింపిన బాపూ, అనాలనుకున్నాను. ఆటో ఆగాక ఆయన ఎడమచెయ్యి అందుకున్నాను.