బత్తాయి రసంతో తెగిన పంచాయితీ

నిలబడి మాట్లాడుకునే మాటలు తగాదాలుగాను, కూర్చుని మాట్లాడుకునేవి తీర్మానాలుగాను ముగుస్తాయన్నది నా దృఢ విశ్వాసం. న్యాయస్థాన కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. అందువల్ల మేడ్చల్‌లోని మా ఇంట్లో ఆ ఆదివారం పంచాయితీ పెట్టవలసి వచ్చినప్పుడు ముందుగా కుర్చీలు తెప్పించాను. తెచ్చినవాడు మా బామ్మర్ది. పంచాయితీ కూడా అతని మీదే.

నా భార్యకు తమ్ముడైన అతనికి ఊళ్ళో టెంట్‌హౌస్ ఉంది. ట్రాలీ ఆటోలో ఎర్ర గుడ్డ తొడిగిన కుర్చీలు, పెళ్ళి వేదికల మీద పరిచే తివాచీ తెచ్చి, హాల్లో తానే వరసగా అమర్చాడు.

"మైకు వద్దా బావా?"

"అక్కర్లేదు."

"నన్నేం తిడ్తుర్రో నాగ్గూడ ఇనబడాలె గద."

అతనికి కల్లు అలవాటు. పొద్దున లేచీ లేవగానే కల్లు అమ్మే కాంపౌండుకు పోతే తప్ప చేతులు అదుపులోకి రాని దశకు ఆ అలవాటు చేరుకుంది. అంతకు కొన్ని వారాల ముందు అతని భార్య లాల్‌గడి మలక్‌పేట్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది. తిరిగి రావడానికి ఆమె నగలు అడగలేదు, వేరు కాపురం అడగలేదు. ఒక సిద్ధాంత నిర్ణయం అడిగింది.

"నాకు ఒక్కటే తేల్చి చెప్పుర్రి అన్నా," అంది ఫోనులో. "గిది రోగమా, పొగరా? రోగమైతె వచ్చి సేవ జేస్త. జరమొచ్చినోన్ని ఇడిసిపెట్టి పోతె నాకే పాపం. పొగరైతె నా బట్టలు గూడ ఈడికే అంపుర్రి. నేను రాను."

ఇంత స్పష్టంగా రూపొందించిన ప్రశ్న నా ఉద్యోగ జీవితంలో కూడా అరుదుగా తారసపడింది. వెంటనే తేదీ నిర్ణయించాను.

వచ్చినవారు ముగ్గురు. ఆమె, ఆమె తండ్రి, మా పక్కింటి సిస్టరమ్మ. తండ్రి వ్యవసాయదారుడు, షామీర్‌పేట్ చుట్టుపక్కల ఎవరి పంచాయితీ అయినా పెద్దమనిషిగా పిలిపించుకునేవాడు. సిస్టరమ్మ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మానుకున్నారు. చర్చిలో ఆరాధన ముగించుకుని, తెల్లచీరలో, చేతిలో బత్తాయిల సంచీతో నేరుగా మా ఇంటికే వచ్చారు. ఆ సంచీని మా బామ్మర్ది కాళ్ళ దగ్గర పెట్టేసరికి అతని ముఖం మాడిపోయింది.

"నాకెందుకు సిస్టరమ్మా బత్తాయిలు? నాకేమైందని?"

"పేషెంటును చూడనీకె ఉత్త చేతులతోని ఎట్ల వస్త నాయినా?"

అతడు ఆ సంచీని పాదంతో మెల్లగా కుర్చీ కిందికి నెట్టాడు.

ఒక్కొక్కరికి ఎంత సమయం ఇవ్వాలన్నది నా మొదటి చింత. పూజగదిలోని గంట అడిగితే నా భార్య ఇవ్వలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది కనుక కుక్కరు కూత వేసేవరకు ఒకరు, మళ్ళీ కూత వేసేవరకు మరొకరు అని నియమం చేశాను. అందరూ అంగీకరించారు.

ముందుగా మా బామ్మర్ది మామగారు లేచారు. కూర్చునే మాట్లాడవచ్చని చెప్పాను. కూర్చున్నారు.

"సారూ, రోగమంటె ఏంది? మన చేతుల లేనిది. మరి మా అల్లుడు పోయిన కార్తీకంల అయ్యప్ప మాల ఏసుకున్నడు. ఏసుకున్న పొద్దటి సంది తీసేదాంక చుక్క ముట్టిండా? ముట్టలె. సన్నీళ్ళ తానం, కటికనేల పడక, ఒంటిపూట బువ్వ. అంటె శాతనైతది. శాతనయ్యి గూడ చేస్తలేడంటె గది రోగమా, కొవ్వా? మాల జూసి భయపడి ఆగే రోగం ఏడనన్న ఉంటదా?"

ఈ వాదనలో బలం ఉందని నాకు తోచింది. నిజానికి నా అభిప్రాయమూ దాదాపు అదే. క్రమశిక్షణ లోపించినచోట వ్యసనం చేరుతుందని నమ్మి, నిద్రలేచే వేళ నుంచి పడుకునే వేళ వరకు ఒక కాలపట్టిక తయారుచేసి సిద్ధంగా ఉంచుకున్నాను. కుక్కరు కూసింది.

"మాల ఏసుకున్న మొదట్ల భజనల ఊగిండు యాదున్నదా పెద్దాయనా?" అన్నారు సిస్టరమ్మ. "స్వామి పూనిండని మీరు హారతి పట్టిర్రు. నేను నాడి పట్టిన. పూనకం గాదు, వణుకు. ఎంబటి తీస్కపోయి సూది ఇప్పిచ్చిన. ఇగ నీ సంగతి. నీకు షుగరున్నది. శివరాత్రికి ఒక్కపొద్దుంటవు. తెల్లారి షుగరు పోయిందంటవా?"

"నాది రోగమమ్మా. డాక్టరు రాసిచ్చిండు."

"మొన్నటి పెండ్లిల జిలేబీలు గూడ ఆ డాక్టరే రాసిచ్చిండా?"

మామగారు నిటారుగా అయ్యారు. "ఎవలు జెప్పిండ్రు?"

"నేనే మామా," అన్నాడు మా బామ్మర్ది. "టెంటు నాదే గద. మీ ప్లేటు నేనే నింపిన. మల్లొక్కపారి గూడ నింపిన."

"గవి చిన్నయి."

కూత. మళ్ళీ మామగారి వంతు. ఆయన ఆరంభించారు గానీ కూత మాత్రం రాలేదు. కొవ్వు సంగతి ముగించి, తమ తండ్రి తాగినా పొలం పని మానలేదన్నారు. పొలం నుంచి వానలకు, వానల నుంచి తమ ఊరి పక్కన వెలసిన ప్లాట్లకు వెళ్ళారు. నేను వంటింటి వైపు చూశాను.

"సిలిండరు అయిపోయింది," అంది నా భార్య. "మీరే ఆపుర్రి."

నియమాన్ని మధ్యలో మార్చడం న్యాయం కాదు. మామగారు ప్లాట్ల నుంచి కోతుల బెడదకు చేరుకున్నారు. చివరికి మా బామ్మర్దే లేచి, పెరట్లోని నిండు సిలిండరు దొర్లించుకొచ్చి బిగించి వచ్చాడు. నిందితుడి చలవతో కూత మళ్ళీ వినిపించింది.

అప్పుడు అతను తన మాట చెప్పుకున్నాడు.

"బావా, దొంగ అనుర్రి, కొవ్వెక్కినోడు అనుర్రి, పడ్త. పేషెంటు అని మాత్రం అనకుర్రి. గుంజల మీదికెక్కి టెంట్లేసేటోన్ని. పేషెంటంటె పెండ్లోల్లు నన్ను ఎక్కనిస్తరా?"

"తాగుబోతు అంటే ఎక్కనిస్తున్నారా?"

"తాగుబోతంటె నవ్వుతరు బావా. పేషెంటంటె జాలి పడ్తరు."

అంతవరకు వంచిన తల ఎత్తని అతని భార్య అప్పుడు ఎత్తింది.

"మంది నవ్వుతాంటె నువ్వు గూడ నవ్వినవు. నేను ఏనాడన్న నవ్విన్నా? పొద్దుగాల నీ చేతులెందుకు వణుకుతయి, గది జెప్పు. కొవ్వుకు వణుకుతయా?"

అతడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

"వీల్లు తేలిస్తె నేను రాను. నువ్వే జెప్పాలె."

అతడు తివాచీ మీది పువ్వుల వరసను ఒక కొస నుంచి మరో కొస దాకా చూశాడు. ఈలోపల ఒక కూత వచ్చి పోయింది. నేను పట్టించుకోలేదు.

"రేపటి సంది బందువెడ్త అని పండుకుంట," అన్నాడు. "లేవంగనె మల్ల అనుకుంట. చెయ్యి అనుకోనియ్యది."

"అయితె?"

"అయితె... రోగమే గావచ్చు."

'కావచ్చు' అన్న మాట తీర్మానంలో ఇమడదని చెప్పబోయాను. నా భార్య వంటింటి గడపలో నిలబడి నా వైపు చూసింది. ఇమిడింది.

రోగమని తేలినందున వైద్యానికి పంపాలని ప్రకటించాను. "ఇయ్యాల్నే," అన్నారు సిస్టరమ్మ. "పొద్దటి సంది ముట్టలేదు, చెమటలు జూడుర్రి. ఇంట్ల కూసోని ఒక్కపారి బందువెడితె పిట్సు వస్తయి. దవాఖానల డాక్టరు ముంగట మెల్లమెల్లగ మానుడే." ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. మామగారు సైతం, "సరే, రోగమే అనుకోర్రి, నాకేంది," అని లేచి వీధిలో ఆగిన తన ఆటో వద్దకు వెళ్ళారు.

మా ప్రాంతపు ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. పంచాయితీ తెగిన తరువాత రెండు పక్షాలూ కలిసి కల్లు తాగాలి. తాగితేనే మాట నిలుస్తుందని నమ్మకం. మామగారు ఎన్నో తగవులు తీర్చిన మనిషి. ఆచారం తప్పడం ఎరుగరు. పొద్దున్నే ఊళ్ళో దింపిన ఈతకల్లు తెల్ల ప్లాస్టిక్ క్యానులో పట్టుకుని లోపలికి వచ్చారు. నా భార్యను స్టీలు గ్లాసులు అడిగి తెప్పించుకుని, మొదటి గ్లాసు నింపి, పంచాయితీ ఎవరిదో వారికే ముందు ఇవ్వాలి కనుక, నిండు మనసుతో అల్లుడికి అందించారు.

"పట్టు అల్లుడా."

ఆయన ముఖంలో ఎక్కడా కపటం లేదు. తాను చేస్తున్నదేమిటో ఆయనకు తోచనే లేదు. హాలంతా పుల్లటి వాసన నిండింది. బామ్మర్ది చేతులు తొడల కింద నుంచి వాటంతట అవే బయటికి వచ్చాయి. అతని భార్య తన పక్కనున్న బట్టల సంచీ పట్టీని పట్టుకుంది. ఆ సంచీ మా బామ్మర్ది ఇంటికి పోతుందా, తిరిగి ఊరికి పోతుందా అన్నది ఆ గ్లాసు మీద ఉంది. ఏమని ఆదేశించాలో అధ్యక్షుణ్ణైన నాకు తట్టలేదు.

అతడు గ్లాసు వైపు చూశాడు. పెదవి తడుపుకున్నాడు. తరువాత మామగారి వైపు చూశాడు.

"మామా, నేను పేషెంటును. నాకియ్యొద్దు."

ఆ మాట వెనుక దాక్కోవచ్చునని అప్పుడే కనుగొన్నట్టుగా మళ్ళీ, కొంచెం గట్టిగా అన్నాడు. "పేషెంటును గద. పేషెంటుకు ఎవలన్న కల్లు పోస్తరా? సిస్టరమ్మా, గా బత్తాయిలేవి?"

కుర్చీ కింది నుంచి సంచీ తానే లాగాడు.

మామగారు గ్లాసును, క్యానును, అల్లుణ్ణి చూసి కుర్చీలో కూలబడ్డారు. ఆయనకు విషయం అర్థమైంది. కానీ ఆచారం మాత్రం వదలలేదు. "మరి తెగినట్టెట్ల? అందరం ఒక్కతీరుగ తాగాలె గద."

"అయితే అందరూ బత్తాయి రసమే తాగాలి," అన్నాను. ఆ రోజు నేను తడుముకోకుండా ఇచ్చిన ఆదేశం అదొక్కటే.

ఆడవాళ్ళు ముగ్గురూ రసం తీశారు. సిస్టరమ్మ మామగారికి సగం గ్లాసే ఇచ్చారు. "నీకు గింతే. చక్కెర ఎయ్యలె."

"నా మీద గూడ పంచాయితి పెడ్తరా ఏంది?"

"కుర్సీలు ఈడనే ఉన్నయి మామా," అన్నాడు అల్లుడు.

క్యానులోని కల్లును నా భార్య పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో కుమ్మరించింది. మామగారు మొహం అటు తిప్పుకున్నారు. ఆ మొక్క తరువాత అసాధారణంగా ఏపుగా పెరిగింది. దాని మీద ఎవరూ వ్యాఖ్యానించరాదని ఇంట్లో కట్టడి చేశాను.

ఆ మధ్యాహ్నమే అతణ్ణి ఆసుపత్రిలో చేర్చాము. అతని భార్య బట్టల సంచీ కూడా అక్కడికే వెళ్ళింది. మందులతో చాలావరకు కుదుటపడ్డాడు. చాలావరకు అనడం ఎందుకంటే, ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు రావల్కోల్‌లో ఒక పెళ్ళికి టెంటు వేయబోయి, తెల్లవారేసరికి కల్లు వాసనతో తిరిగి వచ్చాడు. ఇక ఆమె మళ్ళీ ఊరికి పోతుందని భయపడ్డాను. ఆమె దుప్పటి మడిచి, అన్నం డబ్బా కట్టుకుని, అతణ్ణి మళ్ళీ ఆసుపత్రికి ఆటో ఎక్కించింది. దారిలో అడిగినవారికి, "జరం తిరుగబెట్టింది," అని చెప్పింది.

ఇప్పుడు అతడు ఆ హోదాను కొంత ఎక్కువగానే అనుభవిస్తున్నాడు. పెళ్ళిళ్ళలో పేషెంటునంటూ మొదటి పంక్తిలో కూర్చుంటాడు. బరువైన గుంజలు పనివాళ్ళ చేత మోయిస్తాడు. నేనిచ్చిన కాలపట్టిక టెంట్‌హౌస్ గోడ మీద వేలాడుతోంది. అందులో ఉపాహారపు వేళను మాత్రం తప్పకుండా పాటిస్తున్నాడు.

మామగారు నేటికీ ఒప్పుకోలేదు. అల్లుడి ఇంటికి వచ్చినప్పుడల్లా, "రోగం లేదు, గీగం లేదు. కొవ్వే సారూ," అని నాతో వాదిస్తారు. వాదిస్తూనే దారిలో కొన్న బత్తాయి తొక్క ఒలిచి, గింజలు ఏరి, ఒక్కొక్క తొన అల్లుడి చేతిలో పెడుతుంటారు.