సుతిలికి వేలాడిన గేరు

నా చిన్నప్పుడు ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మాకు పాలు పోసే అవ్వ. గిన్నెలో పాలు కొలుస్తూనే మా తాతయ్య వైపు చూసి, "ఏమయ్యా, నస్పూరుల మా తమ్మునింటి పక్క పాత ఇనుప సామాన్ల దుకాణం లేదా, ఆడ నీ బండిసొంటి జీపునే ఇప్పుతున్నరు. నీదే అమ్మినవేమో అనుకున్న" అన్నది. తాతయ్య చేతిలోని చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ చాయ్ మళ్లీ ముట్టుకోలేదు.

ఆయన అంతగా ఎందుకు కదిలిపోయాడో చెప్పాలి. గోదావరిఖనిలో గని కంపెనీ జీపు నడిపి తాతయ్య రిటైర్ అయ్యాడు. అదే జీపును కంపెనీ వేలం వేస్తే పాట పాడుకుని తెచ్చుకున్నాడు. మా అమ్మకు నొప్పులు వచ్చినప్పుడు దవాఖానకు చేర్చింది ఆ జీపే. అందుకే నా పుట్టుకలో దానికీ కొంత భాగం ఉందని నానమ్మ అంటుండేది.

మేము కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయవలసిన రోజు దగ్గరపడింది. అద్దెకు చూసిన ఇల్లు ఇరుకు సందులో ఉంది, అక్కడ సైకిలు పెట్టుకోవడమే కష్టం. మా ప్రార్థనా మందిరం పెద్దలకేమో, వాగు అవతలి పల్లెలకు వారానికొకసారి నర్సమ్మనూ మందులనూ తీసుకెళ్లడానికి ఒక బండి కావలసి ఉంది. మీ జీపు వాగు ఒడ్డు ఎక్కితే తీసుకుంటాం, నడిపేది కూడా మీరే అన్నారు. ఎక్కకపోతే క్వార్టర్ తాళాలు అప్పగించే లోపు దాన్ని తుక్కు కింద కోయించడమే.

ఆ ఇసుక ఒడ్డు ఎక్కాలంటే నాలుగు చక్రాలూ లాగాలి. నాలుగింటికీ బలం పంచే పెట్టెలో ఒక గేరు పళ్లు విరిగిపోయాయి. ఆ రకం జీపులు తయారు చేయడం మానేసి అప్పటికే చాలా కాలమైంది. నకిలీ గేర్లు తెచ్చి రెండుసార్లు బిగిస్తే రెండూ వాగు ఇసుకలోనే పళ్లు రాల్చాయి. రెండోసారి జీపును ఎడ్లతో లాగించుకుని వస్తుంటే, "డ్రైవర్ సాబ్, ఎడ్లకు లైసెన్సు తీసినవా?" అని అరుగుల మీద నుంచి ఒకటే నవ్వులు. తాతయ్య కూడా నవ్వాడు. కానీ ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

పాలవ్వ కబురు తెచ్చేసరికి మిగిలినవి మూడు రోజులు. పెట్టె విప్పి మళ్లీ బిగించడానికే ఒక రోజంతా పడుతుంది. అంటే ఇంకొక్కసారి మాత్రమే ప్రయత్నించే వీలుంది. అసలు గేరు దొరకాలి, అది గట్టిదై ఉండాలి.

వెంట వస్తానన్నది పక్కింటి పెద్దబాపు. మా నాన్నకంటే పెద్దవాడు కనుక ఆయనను అలా పిలిచేవాళ్లం. గనిలో పైకప్పు తట్టి చూడడం ఆయన పనిగా ఉండేది. తక్కినవాళ్లు పని మొదలుపెట్టక ముందే లోపలికి పోయి, కడ్డీతో బండను తట్టి, అది గట్టిగా ఉందో విడిపోయి ఉందో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఒక చేత్తో తడుతూ రెండో అరచేతిని బండకు ఆనించి అదురు కూడా చూసేవాడట. నాకు ఊహ తెలిసేనాటికి చెవులు మందగించి ఆ పని మానుకున్నాడు.

"కాకా, చేతులు నావి, చెవులు ఈ పిల్లవి" అని తాతయ్యతో చెప్పి నన్ను కూడా బయలుదేరదీశాడు. "ఆడపిల్లకు ఇనుప దుకాణంల ఏం పనిరా?" అని తాతయ్య అంటే వినపడనట్టే చెప్పులు తొడుక్కున్నాడు. వినపడకపోవడం ఆయనకు అప్పుడప్పుడు బాగా పనికొచ్చేది.

పుట్టినప్పటి నుంచీ ఒంట్లో బాగుండక నేను అసలు బడికే పోలేదు. నానమ్మే బైబిలు ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. అందుకని గడప దాటడమే నాకు పండుగ. బస్సు గోదావరి వంతెన మీద పోతున్నంతసేపూ, ప్రభువా, గేరు దొరకాలి అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

దుకాణం భాయి మర్యాదస్తుడు. నాలుగైదు పాత జీపుల నుంచి తీసిన గేర్లను ఒక తట్టలో పోసి మా ముందు పెట్టాడు. తాతయ్య పళ్లు లెక్కబెట్టి, వెంట తెచ్చుకున్న షాఫ్టు దూర్చి చూసి, సరిపోయేవి మూడింటిని పక్కకు తీశాడు. ఒకదానికి నల్లరంగు వేసి నూనె రాసి ఉంది. మిగతా రెండూ తుప్పు ముద్దలు. తాతయ్య చెయ్యి నల్లదాని మీదనే ఆగింది.

"తీస్కో సాబ్, పెండ్లికొడుకు లెక్కున్నది" అన్నాడు భాయి.

"పెండ్లికొడుకునైనా తట్టి చూడాలె" అని పెద్దబాపు పానా తీసి నా చేతికిచ్చాడు. లోపల పగులు ఉంటే బొంగురుగా పలుకుతుందనీ, గట్టిదైతే గంటలా మోగుతుందనీ చెప్పాడు.

నేను కింద కూర్చుని, బరువు గేరును ఎడమచేత్తో గుండెకు అదుముకుని తట్టాను. మూడూ ఒకేలా 'టప్' మన్నాయి. తేడా ఏమీ తెలియలేదు. ముగ్గురు పెద్దవాళ్లూ నా మొహమే చూస్తున్నారు. తాతయ్య కళ్లు ఆ నల్లదాన్ని విడవడం లేదు. నేను దాన్నే చూపించి, ఇదే మోగింది అన్నాను. నా జీవితంలో బాగా గుర్తుండిపోయిన అబద్ధం అది.

పెద్దబాపు తిట్టలేదు. నా ఎదురుగా గొంతుక్కూర్చుని, "బిడ్డా, నిజంగ మోగిందా, మీ తాత దిల్ ఖుష్ చేద్దామని చెప్పినవా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గది చెప్పు. తెలువకుంటే తెలువలేదనాలె. గనిల పని చేయించే సర్దార్‌కు నచ్చేటట్టు నేను చెప్పి ఉంటే ఎంతమంది ఇంటికి రాకపోదురు?" అని, నా కళ్లు తుడిచి నవ్వాడు. "నీ చెవి మంచిదే. పట్టే మంచిది కాదు. గంత గట్టిగ అదుముకుంటే అదెట్ల పలుకుతది?"

భాయి దగ్గర సుతిలి తాడు ముక్క అడిగి తీసుకుని, గేరు మధ్య రంధ్రంలో దూర్చి, రెండు వేళ్లతో పట్టుకుని గాలిలో వేలాడదీశాడు. తట్టమన్నాడు. నల్లది బొంగురుగా 'దబ్' మంది. తుప్పు పట్టినవాటిలో మొదటిదీ అంతే. మూడోది మోగింది. ఎంతసేపు మోగిందంటే, అవతల ఇనుము తూకం వేస్తున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. ఆ చప్పుడు పెద్దబాపు చెవికి అందలేదు. సుతిలి అదురు వేళ్లకు తగిలి, నేను చెప్పకముందే ఆయన మొహం వెలిగింది. "ఇదే!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

తాతయ్య తువ్వాలుతో తుప్పు రుద్దితే, మా జీపు పెట్టె మీదున్న తయారీ గుర్తే దాని మీదా బయటపడింది, అది అసలు గేరే. భాయి ఊరుకోలేక నల్లదాని రంగు కత్తితో గీకి చూశాడు. పంటి మొదలు నుంచి రంధ్రం దాకా వెంట్రుకంత పగులు. "తౌబా! నాకే తెల్వదు" అని పెద్దబాపుకు సలాం చేశాడు.

మరునాడంతా బిగింపు. మూడోనాడు వాగు దగ్గర కాలనీ సగం పోగైంది. ఎడ్లను పిలవాలెనా అని ఎవరో అరిచారు. జీపు నీళ్లు దాటింది, ఇసుకలో ఒక్క క్షణం కూరుకున్నట్టే కూరుకుంది. తాతయ్య లివర్ లాగాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి ఇసుకను పట్టుకున్నాయి. ఎక్కింది! ఒడ్డు మీద నిలబడి హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఎడ్ల మాటన్నవాడే అందరికంటే గట్టిగా ఈల వేశాడు. నానమ్మ కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. తాతయ్య దిగివచ్చి పెద్దబాపును చెయ్యి పట్టి తీసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తెలంగాణ వచ్చిన ఏడు కూడా ఆ జీపు నర్సమ్మతో వాగు దాటుతూనే ఉంది.

ఇప్పుడు నా పిల్లలు నాకు నచ్చే జవాబు చెబుతున్నారని అనిపిస్తే, తప్పు ముందు నా పట్టులో వెతుక్కుంటాను. కొంచెం వదులు చేస్తే వాళ్లు నిజం చెబుతారు. ప్రార్థనలో కూడా ఒకప్పుడు నాకు కావలసింది పిడికిలి బిగించి అడిగేదాన్ని. ఇప్పుడు చేతులు తెరిచి ఉంచుతాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడను. ఇవన్నీ ఆ రోజు దయతో నాకు దక్కినవే.

జీపు మాట వస్తే మా దగ్గర అందరూ తాతయ్యనే తలుచుకుంటారు, అది న్యాయమే. పెద్దబాపును తలిచేవాళ్లు తక్కువ. అందరికంటే ముందు చీకట్లోకి పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, తక్కినవాళ్లను క్షేమంగా ఇంటికి పంపిన మనిషి ఆయన. ఇది చదివిన మీరు ఈ రోజు ఆయనను ఒక్కసారి తలుచుకోండి.